గృహవైమానికుడు

హైదరాబాదు, బెంగళూరు, డాలస్ వంటి నగరాల అపార్టుమెంట్లలో, రాత్రి పదిన్నర దాటి ఇంటిల్లిపాదీ పడుకున్నాక, తలుపు చేరవేసిన మూడో పడకగదిలో తరచుగా తారసపడే జాతిని గృహవైమానికుడు అని వ్యవహరించవచ్చు. పగలంతా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఈ వ్యక్తి, రాత్రయ్యేసరికి డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో, అనగా యుద్ధవిమానపు నడకను స్విచ్చులతో సహా కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములో, ఎఫ్-16 నడుపుతాడు. ఎడమచేతి కింద థ్రాటిల్, కుడిచేతిలో జాయ్‌స్టిక్, కాళ్ల కింద రడ్డర్ పెడల్స్ సమకూర్చుకోవడానికి అయిన ఖర్చు ఇంటి లెక్కల్లో నేటికీ "ఆఫీసు సామాను" పద్దులోనే ఉంటుంది.

ఈ జాతిలో దాడిని ఇష్టపడేవారు, ఆత్మరక్షణను అభ్యసించేవారు అని రెండు శాఖలున్నా పరిశీలనకు యోగ్యమైనది రెండోదే. ఏలనంటే మొదటి శాఖవారు ఎదుటివాణ్ణి కూల్చి హాయిగా నిద్రపోతారు, రెండో శాఖవారు తాము కూలిన తీరును తెల్లవారుజాము దాకా అధ్యయనం చేస్తారు.

శాస్త్రంలో వీరికి లోటు లేదు. శత్రువు తోక వెనక చేరినప్పుడు పారిపోకుండా వాడివైపుకే విమానాన్ని బలంగా తిప్పడాన్ని బ్రేక్ టర్న్ అంటారనీ, ఒకే బిగువుతో తిరిగే విమానానికి వేగం రెండింతలైతే మలుపు వ్యాసార్ధం నాలుగింతలవుతుంది కనుక, మితిమీరిన వేగంతో వచ్చినవాడు ఆ మలుపులో ఇమడలేక బయటికి జారిపోతాడనీ, దీన్నే ఓవర్‌షూట్ అంటారనీ వీరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. మీదికి దూకేవాణ్ణి తప్పించుకోజూడక ఎదురెళ్లమని మొదటి ప్రపంచయుద్ధంలోనే సూత్రీకరించిన జర్మన్ వైమానికుడు ఓస్వాల్డ్ బోల్కే వీరికి ఆదిగురువు. ఆయన 1916 అక్టోబరు 28న తన దళానికే చెందిన విమానం తగిలి మరణించాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం శిష్యులు గురువును తు.చ. తప్పకుండా అనుసరిస్తుంటారు.

చిక్కంతా ఆచరణలో ఉంది. ఎత్తూ వేగమూ ఒకదానిలోకి ఒకటి మారగల శక్తిరూపాలనీ, బిగువైన మలుపు ఆ శక్తిని హరిస్తుందనీ 1960లలో అమెరికన్ వైమానికుడు జాన్ బాయిడ్ లెక్కగట్టి చూపిన సిద్ధాంతం గృహవైమానికుడికి కంఠోపాఠమే అయినా, వెనక శత్రువు కనబడగానే జాయ్‌స్టిక్‌ను పొట్టలోకి లాక్కుని, మొదటి తారీఖు జీతాన్ని ఐదో తారీఖుకల్లా ఊడ్చేసినట్టు ఉన్న వేగమంతా ఒక్క మలుపులో ఖర్చుపెట్టి, ఆకాశంలో దిక్కులు చూస్తూ నిలబడతాడు. పైగా 9 జీ మలుపులో, అనగా 70 కిలోల మనిషి 630 కిలోల బరువు తూగే స్థితిలో, నెత్తురు తలకెక్కక చూపు మసకబారుతుంది కనుక, అసలు పైలట్లు కాళ్లూ పొట్టా బిగబట్టి పొట్టి పొట్టి ఊపిరులు తీస్తారు. ఆఫీసు కుర్చీలో ఉన్నవాడికి ఈ అవసరం బొత్తిగా లేకపోయినా, తెర అంచులు నల్లబడుతుండగా గృహవైమానికుడు కూడా శాస్త్రోక్తంగా మూలుగుతాడు. ఆ మూలుగు విన్న అత్తగారు "అరగలేదేమో బాబూ, వేడిగా తాగండి" అని వామునీళ్ల గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిన సందర్భాలు ఈ జాతి చరిత్రలో అరుదు కావు.

కూలిన పిదప అసలు విద్వత్తు బయటపడుతుంది. యుద్ధాన్ని నమోదుచేసి అన్ని కోణాల నుంచీ తిరిగి చూపే టాక్‌వ్యూ అనే సాధనంలో ముప్పై సెకన్ల పోరాటాన్ని గంటన్నరసేపు ముందుకూ వెనక్కూ జరిపి, సూర్యుడు కంట్లో పడ్డాడనీ, నెట్ నెమ్మదించిందనీ, తోడుగా ఎగిరేవాడు సమయానికి హెచ్చరించలేదనీ నిర్ధారిస్తాడు. ఇన్నాళ్ల సాధనలో మెరుగుపడినది ప్రాణరక్షణా, మరణవిశ్లేషణా అనే ప్రశ్నకు జవాబు అతని స్నేహితులకు తెలుసు. అయినా మర్యాదకు చెప్పరు.

అయితే ఏ కొద్దిసార్లో సాధన ఫలించకపోదు. ఇద్దరూ పాము నడకలో ఒకరి దారికి ఒకరు అడ్డంగా మెలికలు తిరుగుతూ, ఎదుటివాణ్ణి ముందుకు పోనిచ్చి తాము వెనకబడాలని ప్రయత్నించే సిజర్స్ అనే విన్యాసంలో, వెనకబడినవాడే గెలిచే ఆ వింత పోటీలో, శత్రువు తొందరపడి జారి, నిండు విమానం నిండుగా గృహవైమానికుడి ముక్కుకు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. అతడు మీట నొక్కుతాడు. తుపాకి పలకదు, ఆయుధాలన్నిటికీ తాళంచెవి వంటి మాస్టర్ ఆర్మ్ స్విచ్‌ను బయలుదేరేటప్పుడు చెక్‌లిస్టు ప్రకారం ఆఫ్‌లో పెట్టినవాడు మళ్లీ దాని జోలికి పోలేదు. ఆ స్విచ్ కోసం అతడు తడుముకుంటుండగా శత్రువు నింపాదిగా ఎత్తుకు లేచి, మెలిక తిరిగి, మళ్లీ తోక వెనక చేరుతాడు. అప్పుడు గృహవైమానికుడు ప్రాణం లేచివచ్చినట్టు ఊపిరి పీల్చుకుని, ఎంతో ఉత్సాహంగా మరో బ్రేక్ టర్న్ తీస్తాడు.