అరంగుళం సందు

ఇల్లు కొన్నప్పుడు కూడా మా అన్నయ్య ఇంత తర్జనభర్జన పడలేదని వదిన అంటుంది. కొనబోయేది పంజరం.

డల్లస్ పక్కన ఫ్రిస్కోలో, మన తెలుగువాళ్ళు కిక్కిరిసిన ఊళ్ళోనే, వాళ్ళ ఇల్లు. పాప పుట్టినరోజుకి షుగర్ గ్లైడర్ కావాలంది. అరచేతిలో ఇమిడే ప్రాణి. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టు తొర్రల్లో ఉంటుంది. కంగారూలాగా పిల్లని పొట్టసంచిలో మోస్తుంది. కాళ్ళ మధ్య చర్మం చాపి కొమ్మ మీంచి దూకిందంటే 50 మీటర్ల దాకా తేలిపోగలదు. అలాంటిదాన్ని బంధించడమేమిటని నాకనిపించింది గానీ, చుట్టపుచూపుగా వెళ్ళినవాణ్ణి, నోరు మెదపలేదు.

అన్నయ్య టేపు పట్టుకుని షాపులన్నీ తిరిగాడు. "వెడల్పు కంటే ఎత్తు ముఖ్యంరా. రెండడుగుల చదరం, మూడడుగుల ఎత్తు, అదీ అధమపక్షం. చువ్వకీ చువ్వకీ మధ్య అరంగుళం దాటిందా, తల దూర్చేస్తాయి." జింకు పూత తీగలది చవగ్గా వస్తుంటే వద్దన్నాడు. మూత్రం తగిలి తుప్పు పడుతుందట, నాకితే జింకు విషమట. పైకి జరిపే తలుపైతే అవే ఎత్తుకుని బయటికొచ్చేస్తాయని దానికో క్లిప్పు. తిరిగే చక్రంలో ఇరుసు ఉంటే తోక చిక్కుకుంటుందని ఇరుసు లేనిది తెప్పించాడు. పడుకునే గుడ్డసంచిలో గోళ్ళకి తగులుకునే దారప్పోగు ఒక్కటైనా ఉందేమో చూడమని పెద్దమ్మకిచ్చాడు. పసివాణ్ణి ఒళ్ళో వేసుకునే, కళ్ళజోడు సర్దుకుని కుట్టుకుట్టూ వెతికిందావిడ. వదిన సెలవైపోయిందని వాడికోసమే తెనాలి నుంచి వచ్చింది. ఆర్నెల్లు పెద్దమ్మ, ఆ తర్వాత ఆర్నెల్లు పెద్దనాన్న. ఇద్దరూ ఒకేసారి వచ్చేస్తే ఏడాది గడవదుగా! లెక్కల్లో అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ నూటికి నూరే.

పాప అడిగింది ఒకటే. వీడు రెండు పట్టుకొచ్చాడు.

"డబ్బులెక్కువయ్యాయేమిట్రా?" అంది పెద్దమ్మ.

"గుంపులో బతికేవమ్మా ఇవి. ఒక్కదాన్నే ఉంచితే బెంగపెట్టుకుంటుంది. బొచ్చు పీక్కుంటుంది, తోక కొరుక్కుంటుంది. జంటని విడదీస్తే పాపం కదూ?"

"పాపమే" అందావిడ.

ఆ రాత్రి నేను హాల్లో సోఫా మీద పడుకున్నాను. పగలంతా సంచిలో ముడుచుకున్న ఆ రెండూ అప్పుడే లేచి ఒకటే కిచకిచ. నిద్రెలా పడుతుంది? పదకొండింటికి పెద్దమ్మ దిగొచ్చి, దీపం వెయ్యకుండా పంజరం పక్కన కుర్చీలో కూర్చుని ఫోను తీసింది. తెనాలిలో పొద్దున్న తొమ్మిదిన్నర.

"మూడు విజిళ్ళు రాగానే కట్టెయ్యండి... కందిపొడి పై అరలో ఉంది, స్టూలెక్కకండి, పనమ్మాయినడగండి... మళ్ళీ దగ్గేమిటి?... ఆ చప్పుడా? ఉడతల్లాంటివి లెండి. రెండు తెచ్చాడు. ఒక్కటే అయితే బెంగపెట్టుకుంటుందట."

అవతల పెద్దనాన్న ఏదో అన్నారు. ఆవిడ నవ్వింది.

"వాడికి తెలియకపోవడమేమిటండీ, అన్నీ తెలుసు. మనకే తోకల్లేకపోయె."