నాన్‌జింగ్ గోడలో ఇటుకను

నేను ఇటుకను. చైనాలోని నాన్‌జింగ్ నగరాన్ని చుట్టి ఉన్న మింగ్ కాలపు కోటగోడలో ఉంటాను. మూరకు కొంచెం తక్కువ పొడవు, అంటే సుమారు 40 సెంటీమీటర్లు. వెడల్పు 20, మందం 10. ఈ గోడలో నాలాంటి ఇటుకలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. గోడ చూడవచ్చిన వాళ్లు దాని ఎత్తు చూస్తారు, పైనుంచి కనిపించే షువాన్‌వూ సరస్సు చూస్తారు, దాన్ని కట్టించిన చక్రవర్తి కథ వింటారు. ఆరు శతాబ్దాలుగా ఇక్కడున్న దాన్ని కాబట్టి ఒక మాట చెప్పే హక్కు నాకుందనుకుంటాను. పురాతన నగరాన్ని చూపించేవాళ్లు మొదట చూపించాల్సింది చక్రవర్తిని కాదు, ఇటుక పక్క ముఖాన్ని. నగరం ఎవరి చేతుల మీదుగా లేచిందో రాసి ఉన్నది అక్కడే.

1366లో జు యువాన్‌జాంగ్ ఈ గోడ పని మొదలుపెట్టించాడు. రెండేళ్ల తర్వాత మింగ్ వంశాన్ని స్థాపించి ఈ నగరాన్నే రాజధాని చేసుకున్నాడు. గోడ చుట్టుకొలత 35 కిలోమీటర్ల పైచిలుకు. అన్ని ఇటుకలు ఒక ప్రాంతపు బట్టీలు కాల్చలేవు. అందుకని ఇప్పటి జియాంగ్‌సు, ఆన్‌హుయి, జియాంగ్‌షీ, హుబే, హునాన్ ప్రావిన్సుల్లో వందకు పైగా కౌంటీలకు వంతులు వేశారు. నేను జియాంగ్‌షీలోని యువాన్‌జౌ ఇటుకను. అక్కడి మట్టి తెల్లది. అందుకే బూడిదరంగు ఇటుకల మధ్య నేను పాలిపోయినట్టు కనిపిస్తాను. మా ప్రాంతం ఇటుకలు పడవల్లో యువాన్ నది నుంచి గాన్ నదిలోకి, పోయాంగ్ సరస్సు దాటి యాంగ్జీలోకి, అక్కణ్ణుంచి ప్రవాహం వెంట నాన్‌జింగ్ రేవుకు చేరాయి. కొలత అందరికీ దాదాపు ఒకటే. మట్టి వేరు, నీరు వేరు, రాత వేరు. ఆ రాతలో జిల్లాలో పని పర్యవేక్షించిన అధికారి పేరు, గుమాస్తా పేరు ఉంటాయి. వాటి తర్వాత ఊరి కుటుంబాలను జట్లుగా విడదీసినప్పుడు ఆ జట్లకు పెట్టిన పెద్దల పేర్లు, బట్టీ కాల్చిన పనివాడి పేరు, అందరికంటే చివర మట్టి తొక్కి అచ్చు పోసిన మనిషి పేరు. కొన్ని ఇటుకల మీద చదువుకున్న చేతి అందమైన రాత ఉంది. మరి కొన్నింటి మీద గీతలు కుదించి, ఒక అక్షరానికి బదులు అలాగే పలికే మరో అక్షరం పెట్టిన పల్లెటూరి రాత ఉంది. రాజాస్థానంలో చోటు దొరకని ఆ చేతిరాత కోటగోడలో నిలిచింది.

ఈ పేర్లనే మొదట చూపించాలన్న నా మాటకు బలమైన అభ్యంతరమే ఒకటుంది. ఆ పేర్లు గౌరవం కోసం వేసినవి కావు కదా అంటారు. నిజమే. ఇటుక పగిలినా, పచ్చిగా దిగినా ఎవణ్ణి పట్టుకోవాలో తెలియడం కోసం వేయించారు. వస్తువు మీద చేసినవాడి పేరు వేసే పద్ధతి చైనాలో చాలా పాతది. షీయాన్ దగ్గర చిన్ చక్రవర్తి సమాధి పక్కన దొరికిన మట్టి సైనికుల్లో కొందరి మీద కూడా వాళ్లను చేసిన పనివాళ్ల పేర్లున్నాయి. శిక్ష భయంతో వేసిన పేరును స్మారకమని ఎలా అంటావని అడిగితే నా జవాబు ఇది. భయంతో వేసింది కాబట్టే అది నమ్మదగ్గ సాక్ష్యం. పొగడటానికి చెక్కిన శాసనం పెంచి రాస్తుంది, దానం చేసినవాణ్ణి దేవుణ్ణి చేస్తుంది. లెక్క తేల్చడానికి వేసిన ముద్రకు ఆ అవసరం లేదు. అధికారిక చరిత్రల్లో రైతు జనాభా లెక్కలో, పన్ను లెక్కలో కలిసిపోయి వస్తాడు. ఈ గోడ మీద అతను ఇంటిపేరుతో, ఊరితో, తన పైఅధికారి పక్కనే వచ్చాడు. గైడు ఆ పేరును చూపించేటప్పుడు దాని వెనకున్న భయాన్ని కూడా చెప్పాలి. ఆ భయం చెప్పకుండా పేరును మాత్రమే గొప్పగా చూపిస్తే అదీ ఒక రకం అబద్ధమే.

ఇప్పుడు సాధారణంగా చెప్పే కథ చూడండి. దక్షిణాన ఉన్న జోంగ్‌హువా ద్వారం దగ్గర దాన్ని ఎక్కువగా వింటాం. ఆ ద్వారానికి 1931 దాకా జుబావ్ ద్వారమని పేరు. వరుసగా నాలుగు తలుపులు, వాటి మధ్య మూడు ఆవరణలు, సైనికులు దాక్కోవడానికి 27 సొరంగాల్లాంటి గదులు, మూడు వేల మందికి చాలేంత చోటు. చూసి తీరాల్సిన కట్టడం. అయితే అక్కడ చెప్పే కథ షెన్ వాన్‌సాన్ అనే మహా ధనవంతుడిది. గోడలో మూడోవంతు అతని డబ్బుతోనే లేచిందట. ఎంత తీసినా తరగని అతని పాత్రను ద్వారం పునాదిలో పాతిపెట్టారట. మింగ్ వంశం మొదలయ్యే నాటికే అతను బతికి లేడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కథ చెప్పొద్దని నేననను. ప్రజలు అల్లుకున్న కథకు కూడా నగరంలో చోటుంది. అయితే ఆ ఒక్క కథే విని వెళ్లినవాడికి గోడ ఒక ధనవంతుడి సంచిలోంచి వచ్చిందనిపిస్తుంది. గోడ మాత్రం పన్నులాగా కుటుంబాల మీద మోపిన చాకిరీతో లేచిందని చెబుతోంది. ఆ సాక్ష్యం కథ చెప్పేవాడి చేతికందే దూరంలోనే ఉంది. అతను చేయి చాచి చూపించడు. నా ఫిర్యాదు అదే.

మరికొందరు గోడను అజేయమైన కోటగా చూపిస్తారు. చరిత్ర ఆ మాటను నిలబెట్టదు. 1402లో సింహాసనం కోసం తిరగబడిన యాన్ రాజకుమారుడి సైన్యం వచ్చినప్పుడు ఒక ద్వారాన్ని లోపలివాళ్లే తెరిచారు. 1853లో తైపింగ్ తిరుగుబాటుదారులు గోడ కింద మందుపాతర పెట్టి లోపలికొచ్చారు. 1864లో వాళ్లను ఓడించడానికి వచ్చిన సైన్యం అదే ఉపాయంతో తైపింగ్ ద్వారం దగ్గర గోడను పేల్చింది. 1937 డిసెంబరులో జపాన్ ఫిరంగులు జోంగ్‌హువా ద్వారాన్ని బద్దలుకొట్టాయి. ఆ తర్వాత నగరంలో జరిగిన మారణకాండ లోకానికి తెలుసు. రక్షణ లెక్కన తూస్తే ఈ గోడ మళ్లీ మళ్లీ ఓడిపోయింది. దాని విలువ అందువల్ల ఇంకెక్కడో ఉండాలి. ఒక చోటు దాని ఆకారం. రాజధాని నలుచదరంగా ఉండాలని పాత శాస్త్రం. ఇది కొండల వెంట, సరస్సు గట్టున, చిన్‌హువాయ్ నదిని కలుపుకుంటూ నేల ఎటు లాగితే అటు వంగింది. రెండోది దర్జుల్లో ఉంది. మమ్మల్ని పట్టి ఉంచిన సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారు. శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ బియ్యంలోని పిండిపదార్థం సున్నపు స్ఫటికాలను చిన్నవిగా, దగ్గరదగ్గరగా పేరేలా చేసిందని తేల్చారు. ఎవరి పళ్లెంలోకో వెళ్లాల్సిన అన్నం గోడలోకి వెళ్లింది. ఈ రెండూ పనివాళ్ల తెలివికీ త్యాగానికీ గుర్తులు. అవి నన్ను మళ్లీ ఆ పేర్ల దగ్గరికే తీసుకొస్తాయి.

1950లలో మాకు వచ్చిన ఆపద యుద్ధాలు తెచ్చినదానికంటే పెద్దది. దారికి అడ్డమని, కూలే ప్రమాదముందని, ఇటుకలు ఇంకో పనికొస్తాయని గోడను చాలాచోట్ల పగలగొట్టారు. బతకాల్సిన నగరానికి రోడ్లు కావాలి, పాత గోడ కోసం మనుషులు ఇరుక్కుని ఉండాలా అని ఈనాటికీ అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. గోడలో కొత్త దారులు తెరవడం ఎప్పుడూ ఉన్నదే. దాన్ని నేను తప్పుపట్టను. దారి తెరవడం వేరు, ఇటుకల కోసం గోడను క్వారీగా మార్చడం వేరు. ఈ తేడాను గట్టిగా చెప్పినవాడు జు షియే. 1930లలోనే నాన్‌జింగ్ పురాతన కట్టడాల మీద పుస్తకం రాసిన పండితుడు. 1956 నాటికి జియాంగ్‌సు ప్రావిన్సు సాంస్కృతిక శాఖలో ఉన్నతాధికారి. ఆ ఏడాది కూల్చివేతకు ఎదురు నిలిచి పత్రికలో బాహాటంగా రాశాడు. జోంగ్‌హువా ద్వారం మిగలడంలో ఆయన పాత్ర పెద్దది. మరుసటి ఏడాదే ఆయన మీద మితవాది ముద్ర వేశారు. సాంస్కృతిక విప్లవంలో, 1968లో ప్రాణం తీసుకున్నాడు. అలా మిగిలిన గోడ సుమారు 25 కిలోమీటర్లు. 1988లో దాన్ని జాతీయ రక్షిత కట్టడంగా ప్రకటించారు. బీజింగ్‌లో గోడ మీద జనం తిరిగే తోట వేద్దామని వాస్తుశిల్పి లియాంగ్ సిచెంగ్ చెప్పిన మాట చెల్లలేదు. అక్కడి గోడ దాదాపు అంతా పోయింది, దాని జాడ వెంటే భూగర్భ రైలు వెళ్తోంది. రెండు రాజధానుల్లో ఒకదానికి ఈనాడు గోడ ఉంది, ఒకదానికి లేదు. రోడ్లు మాత్రం రెండింటికీ ఉన్నాయి.

ఇక మరో వాదం, నాకు అన్నిటికంటే కష్టమైనది. చైనా సంప్రదాయంలో కట్టడం పాతబడితే మళ్లీ కట్టడమే ఆనవాయితీ, చోటూ పేరూ ఉంటే చాలు, పాత పదార్థాన్ని పట్టుకు వేలాడటం పరాయి పద్ధతి అంటారు. వూహాన్‌లో ఎన్నోసార్లు కాలి మళ్లీ లేచిన పసుపు కొంగ గోపురాన్ని ఉదాహరణగా చూపిస్తారు. ఇప్పుడున్నది 1985లో కాంక్రీటుతో కట్టింది, పాత చోటికి దూరంగా కూడా ఉంది. అయినా జనం దాన్ని తమదిగానే ప్రేమిస్తారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కవితల్లో బతికిన గోపురాన్ని తిరిగి కట్టవచ్చు, దాని సారం కవితల్లో ఉంది కాబట్టి. కొయ్య కట్టడంలో దూలం మార్చినా వడ్రంగి విద్య కొనసాగుతుంది. కానీ యువాన్‌జౌ రైతు పేరు ఇంకెక్కడా రాసి లేదు. నన్ను నూరి రోడ్డు కింద వేసి, నా స్థానంలో అదే కొలతకు కొత్త ఇటుక పెడితే గోడ ఎత్తు తగ్గదు, మనిషి పోతాడు. దాతోంగ్‌లో 2008 తర్వాత మింగ్ కాలపు మట్టి గోడకు చుట్టూ కొత్త ఇటుక తొడిగారు, లోపలి పాత వీధులను పెద్దఎత్తున కూల్చి పాతవిలా కనిపించే కొత్తవి కట్టారు. అసలును కూల్చి నకలు కట్టారని 2019లో కేంద్ర ప్రభుత్వ శాఖలే ఆ నగరాన్ని తప్పుపట్టాయి. కాబట్టి ఈ ఆందోళన పరాయిది కాదు, ఈ దేశం లోపలి నుంచే వచ్చింది.

గంటసేపు తిరగడానికి వచ్చినవాడికి ఎవరో ముక్కూమొహం తెలియని రైతు పేరు ఎందుకని గైడ్లు అడగవచ్చు. మనిషికి పెద్ద కథకంటే తన ఊరి చిన్న దారం త్వరగా అందుతుంది. తైపింగ్ ద్వారం వైపు గోడ పక్కనే చిన్న కొండ మీద ఒక గోపురం ఉంది. అందులో హ్యూయన్‌త్సాంగ్ అస్థి అవశేషం ఉంచారు. 7వ శతాబ్దంలో కృష్ణా తీరాన ధాన్యకటకంలో నెలల తరబడి ఉండి అక్కడి భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకున్న యాత్రికుడే ఆయన. అమరావతి తెలిసిన తెలుగువాడికి అది చెబితే ఆ కొండ ముందు ఆగిపోతాడు. జియాంగ్‌షీ నుంచి వచ్చినవాడికి నా పక్క ముఖం అలాంటిదే. తన కౌంటీ పేరు, తన ఇంటిపేరు కనిపిస్తాయేమోనని వరుసలు వెతుకుతాడు.

మరమ్మతులకు నేను కోరేది కూడా ఇందులోంచే వస్తుంది. 1950లలో ఇళ్ల గోడల్లోకి, పెరటి అరుగుల్లోకి చేరిన మా తోటి ఇటుకలను నాన్‌జింగ్ ప్రజలు ఏళ్లుగా తిరిగి తెచ్చి ఇస్తున్నారు. వాటిని మళ్లీ పేర్చే ముందు ప్రతి రాతనూ ముద్ర తీసి భద్రపరచాలి. రాత ఉన్న ముఖాన్ని దర్జులో దాచకుండా బయటికి పెట్టాలి. పాతది చాలని చోట కొత్త ఇటుక పెట్టండి, పాతదానిలా రంగు పూసి మాత్రం పెట్టకండి. దాని మీద కాల్చిన ఏడాది, బట్టీ ఉన్న ఊరు, అచ్చు పోసిన పనివాడి పేరు వేయండి. ఈసారి అతణ్ణి అడిగి వేయండి.