బాడీ మీద మోజు, లెన్సు మీద చిన్నచూపు

మా మనవడు మొన్న సెలవులకొచ్చి ఫోను నా ముందు పెట్టాడు. "తాతయ్యా, ఈ రెంటిలో ఏ కెమెరా బాడీ కొనమంటావ్? దీనికి 24 మెగాపిక్సెళ్ళు, దానికి 45." మరి లెన్సు ఏది తీసుకుంటావురా అంటే, "దాంతోపాటు ఒకటి వస్తుందిగా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కాకినాడలో నలభై ఏళ్ళు స్టూడియో నడిపినవాడి మనవడు అనాల్సిన మాటేనా అది?

మా రోజుల్లో కెమెరాను ఎంచుకోవడమన్న మాటే లేదు. స్టూడియోలో ఏదుంటే దాంతోనే నేర్చుకున్నాం. మా గురువుగారి దగ్గర యాషికా మ్యాట్ 124జీ ఉండేది. మెడలో వేసుకుని, పైనుంచి గాజులోకి తొంగిచూసి తీసే పెట్టె కెమెరా. 80 మి.మీ. లెన్సు. ఊడదీసి ఇంకోటి పెట్టే వీల్లేదు. ముఖం దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు ముందుకెళ్ళాలి, చుట్టాలంతా పట్టాలంటే వెనక్కి జరగాలి. రీలుకి పన్నెండు ఫ్రేములు. పెళ్ళికి నాలుగు రీళ్ళిచ్చి పంపేవారు. స్నాతకం నుంచి అప్పగింతల దాకా అన్నీ ఆ 48 ఫ్రేముల్లోనే రావాలి. పాడైన ప్రతి ఫ్రేముకీ డార్క్ రూమ్‌లో సంజాయిషీ చెప్పుకోవాలి. ఎండకెంత, మబ్బుకెంత, నీడకెంత అని ఫిల్మ్ డబ్బాలో చిన్న కాగితం వచ్చేది. దాన్ని ఎక్కాల్లా బట్టీ పట్టాను. 125 స్పీడు ఫిల్ముకి మంచి ఎండలో ఎఫ్ 16, సెకనులో 125వ వంతు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇప్పటి పిల్లలు ఆరు నెలలు వీడియోలు చూసి బాడీ కొంటారు. రెండేళ్ళు తిరిగేసరికి అది పాతబడిందని అమ్మేసి ఇంకోటి తెస్తారు. లెన్సు మాత్రం మొదటిరోజు వచ్చిందే!

24 మెగాపిక్సెళ్ళంటే వెడల్పుకి 6000 చుక్కలు, ఎత్తుకి 4000. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేస్తే 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు. అంతకన్నా పెద్ద పటం మన గోడలకి ఎంతమంది కట్టిస్తున్నారు? 45కి వెళితే పటం రెట్టింపవుతుందనుకుంటాడు మావాడు. వెడల్పు 27 అంగుళాలు దాటుతుంది, అంతే.

లెన్సు సంగతి అలా కాదు. తెల్లవారుజాము ముహూర్తం, పందిట్లో ట్యూబులైట్లు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. కొత్త కెమెరాతో ఊరికే వచ్చే 18-55 లెన్సు, 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. మొదటిదానికి సెకనులో పదో వంతు కావాల్సిన చోట రెండోదానికి నూరో వంతు చాలు. పదో వంతులో పెళ్ళికొడుకు చెయ్యి అలికేసినట్టొస్తుంది. నూరో వంతులో వేళ్ళ సందున జీలకర్ర కనబడుతుంది. చిన్నదైన క్రాప్ సెన్సర్ వదిలి పెద్దదైన ఫుల్ ఫ్రేమ్‌కి వెళితే కలిసొచ్చేది ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు) పైచిలుకు. ఈ ఒక్క లెన్సుతో కలిసొచ్చేది మూడు స్టాపుల పైచిలుకు. ఖరీదు చూస్తే ఆ రెంటికీ పొంతనే లేదు.

తీసినదాన్ని అక్కడికక్కడే చూసుకోవడం మాత్రం గొప్ప వరం. మాకది ఉంటే ఎన్ని పెళ్ళిళ్ళ ఫోటోలు దక్కేవో! కానీ తప్పెక్కడ జరిగిందో చూసుకుని మళ్ళీ తియ్యాలి కదా. వంద నొక్కి, అందులో ఏదో ఒకటి బాగుందిలే అనుకుంటే వెలుతురు ఎప్పటికి అర్థమవుతుంది?

మనవడికి చెప్పింది ఇదే. క్రాప్ సెన్సర్ బాడీ తీసుకో, సెకండ్‌హ్యాండ్‌దైనా పరవాలేదు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడిగి కొను. దానికి 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు పెట్టు; క్రాప్ మీద అది మా కాలపు 50 మి.మీ. లెన్సు చూసినట్టే చూస్తుంది. ఏడాది దాకా జూమ్ జోలికి పోకు. బాడీలు మారతాయి, లెన్సు మిగులుతుంది. కానన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంటు లెన్సులు ఈనాటి మిర్రర్‌లెస్ బాడీల మీద అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తున్నాయి.

ఇంకో మాట. మాది సముద్రపు గాలి ఊరు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న లెన్సుని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచాను. రెండు వానాకాలాలు పోయాక తీసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా బూజు. తోలు చెమ్మని పట్టి ఉంచుతుందని నాకెవరూ చెప్పలేదు. గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే ఆ లెన్సు ఇవాళ మనవడి చేతికొచ్చేది. మీ ఇంట్లో కూడా నాన్నగారిదో తాతగారిదో పాత లెన్సు ఉంటే, ఇవాళే బయటికి తీసి, వెనకనుంచి టార్చి వేసి చూడండి.