ఇంటినిండా పానాలు, నట్టు మాత్రం వదులే

పెద్దలకూ, పాఠకులకూ, ముఖ్యంగా భార్యలు ఈమధ్యే రిటైరైన మగవాళ్లకూ నమస్కరించి చేసుకుంటున్న మనవి. మా ఇంట్లో ఇనుము పెరుగుతోంది. పెరిగేది బంగారమైతే మీకు ఈ శ్రమ ఇచ్చేవాణ్ణి కాదు.

మా ఆవిడ హైస్కూల్లో ఫిజిక్సు టీచరుగా చేసింది. రిటైరయ్యాక తీర్థయాత్రలు చేస్తుందనుకున్నాను. చేస్తోంది, గురువారం గురువారం, పాతసామాన్లమ్మే జుమ్మేరాత్ బజారుకు. అక్కడ నేల మీద పరిచిన గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తుప్పుముద్దల్ని ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూస్తుంది. ఎక్కడన్నా 'షెఫీల్డ్' అన్న పాత ఇంగ్లండు ముద్ర కనబడిందా, కొత్తిమీర కట్ట దగ్గర అర్ధగంట బేరమాడే మనిషి కిక్కురుమనకుండా పర్సు తీస్తుంది.

దీనికంతటికీ మూలం మా మామగారు. నిజాం రైల్వే వాళ్లు 1893లో పెట్టిన లాలాగూడా వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. పోయేముందు కొడుకులకు స్థలాలు రాసి, కూతురికి పనిముట్ల పెట్టె ఇచ్చారు. స్వర్గస్థులు, ఇంతకన్నా అనకూడదు.

బజారు నుంచి తెచ్చిన కటింగ్ ప్లేయర్ నోరు తెరవదు. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, కాస్త కదిలించి, మళ్లీ నానబెడుతుంది. తర్వాత రాత్రంతా వెనిగర్లో స్నానం. ఆ పులుపు విరగడానికి వంటసోడా నీళ్లు. తుడిచిన వెంటనే కుట్టుమిషను నూనె, లేకపోతే పూటలో మళ్లీ ఎర్రబడుతుందట. ఇందులో నా బజ్జీల వంటసోడా ఎంత పోయిందో లెక్క రాయలేదు. మొండి తుప్పుకైతే కరెంటు వైద్యం. బాల్కనీలో బకెట్టు, బకెట్లో చాకలిసోడా నీళ్లు, బ్యాటరీ చార్జరు. నెగటివ్ తీగ కటింగ్ ప్లేయర్‌కి, పాజిటివ్ తీగ పాత ఇనపచువ్వకి. బుడబుడమని బుడగలు లేస్తాయి. అవి హైడ్రోజన్ కాబట్టి బాల్కనీలో నా సిగరెట్టు నిషేధం. చువ్వకి బదులు స్టీలు సామాను వాడితే అందులోని క్రోమియం విషమై నీళ్లలో దిగుతుందట. ఆ పుణ్యాన మా గరిటెలు బతికిపోయాయి.

ఇంత చేశాక అద్దంలా మెరిపిద్దామని ఎమరీ పేపరు తీశాను. చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏమండీ, ఎర్రగా ఉన్నది తుప్పు, అది పోవాలి. నల్లగా ఉన్నది వయసు, అది ఉండాలి. దాన్ని రుద్దితే కంపెనీ ముద్ర కూడా పోతుంది." ఇనుముకిచ్చే ఈ మర్యాద నా నెత్తికి లేదు. పండగొస్తే చాలు, జుట్టుకి రంగెయ్యమంటుంది.

సరే, కటింగ్ ప్లేయర్‌లాగే పానాలూ బాగుపడ్డాయి కదా, పనికొస్తాయా? అక్కడే ఉంది తిరకాసు. అవి విట్‌వర్త్ కొలతలవి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిషు దొర 1841లో బోల్టుల మరలకు ఒక లెక్క కట్టాడు. పానా మీద 1/2 అని కొట్టి ఉంటే దాని మూతి అర అంగుళం అనుకునేరు. అది బోల్టు కాడ లావు. మూతి ముప్పావు అంగుళం దాటి ఉంటుంది. మన దేశమేమో 1956లో చట్టం చేసుకుని మెట్రిక్ లెక్కలోకి వచ్చేసింది. మా ఇంట్లో మోటారు, సైకిలు, కుర్చీలు అన్నిటివీ మిల్లీమీటర్ల నట్లే. ఒకటీ అరా తప్ప ఆ పానాల్లో ఏదీ సరిగ్గా పట్టదు. అసలు ఎక్కదు, ఎక్కితే జారి నట్టు మూలలు అరగ్గొడుతుంది.

పోనీ తపారియా కంపెనీ పానాల సెట్టు ఒకటి కొనుక్కుందామంటే, ఆ కంపెనీ తయారీ మొదలుపెట్టింది 1969లోనట, అది నిన్నమొన్నటి సరుకట! పెళ్లినాటి ఫ్యాను కూడా నిన్నమొన్నటిదే అవుతుంది ఈ లెక్కన.

మొన్న వంటింటి కుళాయి కారడం మొదలెట్టింది. వచ్చిన ప్లంబరు పానా మర్చిపోయి వచ్చాడు. హాల్లో అద్దాల అలమారాలోని పానాలు చూసి అతని మొహం వెలిగింది. "ఇన్ని ఉన్నాయిగా సార్!" అని తలుపు మీద చెయ్యేశాడు. మా ఆవిడ అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది, పానా ఇవ్వలేదు. మూతి అరుగుతుందట, కుళాయిది కాదు, పానాది. చివరికి నేను మెట్లు దిగి పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చాను. ఆయన ఇచ్చాడు గానీ, "మీ ఇంట్లో లేవా?" అని ఒక ప్రశ్న కూడా ఇచ్చాడు.

అందుకని నా విన్నపం ఒక్కటే. మీ అటక మీద తాతలనాటి కటింగ్ ప్లేయరో, సుత్తో, పానాయో ఉంటే పాత ఇనపసామాన్ల బండికి వేసెయ్యండి. మనసొప్పకపోతే మీరే ఉంచుకుని శుభ్రంగా మేకులు పీక్కోండి. మా ఆవిడకు మాత్రం ఫొటో పంపకండి.