నలభై రెండేళ్ల కొత్తకోడలు

హైదరాబాదులో ప్రతి అపార్టుమెంటులోనూ ఒకాయన ఉంటాడు. వయసు నలభై రెండు. మెడలో తళతళలాడే కొత్త ఐడీ కార్డు. లిఫ్టులో కనబడగానే ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి "గుడ్ మార్నింగ్ సార్" అంటాడు. ఏళ్ల తరబడి ఎదురు ఫ్లాటులోనే ఉంటూ, మంజీరా నీళ్లు రాని రోజున తప్ప మనతో మాట్లాడి ఎరగని మనిషి. ఆ నవ్వు చూసి మురిసిపోకండి. అది మనకోసం నవ్వింది కాదు. ఆఫీసులో సాయంత్రం దాకా నవ్వాలి కదా, దవడలు పట్టెయ్యకుండా ఇక్కణ్నించే సాధన మొదలుపెట్టాడు. ఆయన కొత్త ఉద్యోగంలో చేరాడు. ఆరు నెలలు ప్రొబేషను.

ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉద్యోగంలో చేరడం వేరు. వాడు తెలియనిది తెలియదంటాడు, క్యాంటీనులో రెండు దోసెలు తింటాడు, గదికెళ్లి పడుకుంటాడు. నలభై దాటినవాడి కథ అలా కాదు. పదిహేనేళ్లు ఒకే కంపెనీలో పాతుకుపోయాడు. ఏ మీటింగులో ఎక్కడ కూర్చుంటే కునుకు తీయొచ్చో, ఏ మేనేజరు ఏ వేళప్పుడు సెలవడిగితే కాదనడో, ఎవరిని ఎవరి దగ్గర తిట్టాలో క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆ ఉద్యోగం చూసే పిల్లనిచ్చారు కూడా. జీతం ముప్పై శాతం పెరుగుతుందని ఆ విద్యలన్నీ అక్కడే వదిలేసి వచ్చాడు.

చేరిన రోజు ముచ్చట చూడాలి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు రమ్మని హెచ్చార్ వాళ్లు కబురు పెట్టారు. ఇంట్లో అమ్మగారు పంచాంగం తీశారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, ఆ గంటన్నరలో కొత్త గడప తొక్కడానికి వీల్లేదన్నారు.

"అమ్మా, అది అమెరికా కంపెనీ."

"రాహువుకు అమెరికా అయితే ఏమిటి, అనకాపల్లి అయితే ఏమిట్రా?"

మనవాడు ఇద్దరి మాటా దక్కించాడు. ఎనిమిది ఇరవైకల్లా నానక్‌రామ్‌గూడ చేరి, సెల్లార్ పార్కింగులో కారు ఆపుకుని, తొమ్మిదీ రెండు నిమిషాల దాకా అందులోనే కూర్చున్నాడు. తరవాత కుడికాలు ముందుపెట్టి లోపలికెళ్లి, గచ్చిబౌలి ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందన్నాడు. హైదరాబాదులో ఆ మాటను ఎవరూ అనుమానించరు. రాహువు పేరు చెప్పుకోలేని చోట ట్రాఫిక్ ఎప్పుడూ సాయానికి వస్తుంది.

కుడికాలు పెట్టాడంటేనే తెలియడం లేదూ, ఇది ఉద్యోగం కాదు, కాపురం. సారె కూడా అందింది: ఒక బ్యాగు, ఒక మంచినీళ్ల సీసా, పొట్ట దగ్గర ఆగిపోయే టీషర్టు. ఇరవై ఆరేళ్ల ఆడపడుచొకతె ఫ్లోరంతా తిప్పి చూపించి, "ఏం కావాలన్నా నన్నడగండి అంకుల్... సారీ, సర్" అంది. ముప్పై మందిని పరిచయం చేశారు. ముప్పై పేర్లూ విన్నాడు, ఇరవై తొమ్మిది మర్చిపోయాడు, గుర్తున్న ఒక్కటీ వేరేవాళ్లకు తగిలించాడు. చివరికి అందరి ముందూ నిలబెట్టి, నీ గురించి ఒక సరదా సంగతి చెప్పమన్నారు. పెళ్లిచూపుల్లో పాట పాడమనే అలవాటు మన ఇళ్లలో పోయింది, ఆఫీసుల్లో మిగిలింది. నలభై రెండేళ్ల జీవితాన్ని అటూ ఇటూ తిరగేశాడు. ఒక్క సరదా సంగతీ రాలలేదు. "నాకు టీ అంటే ఇష్టం" అన్నాడు. మర్యాదకు చప్పట్లు కొట్టారు.

పైగా పేరు. మనం ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్లం కదా, కంపెనీ కంప్యూటరు మొదట ఏది కనబడితే దాన్నే పేరనుకుంది. ఈమెయిలు దాంతోనే, ఐడీ కార్డు దాంతోనే. కాలిఫోర్నియాలో ఉన్న క్లయింటమ్మ ఆ ఇంటిపేరునే సగానికి కత్తిరించి ముద్దుగా పిలుస్తుంది. ఆ పిలుపుకు ఈయన పలికినా ఒకటే, భీమవరంలో ఉన్న పెదనాన్నగారు పలికినా ఒకటే. కొత్తకోడలికి ఇంటిపేరు మారుతుందంటారు. ఈయనకు పేరు పోయి ఇంటిపేరు మిగిలింది.

పాత కంపెనీ ఉంది చూశారూ, అది ఇప్పుడు పుట్టిల్లు. పదిహేనేళ్లూ దాన్ని ఆడిపోసుకున్న నోటితోనే ఇప్పుడు "మా దగ్గరైతేనా..." అంటాడు. అక్కడి క్యాంటీను ఉప్మా, ఎవరూ ముట్టుకోకపోతే సాయంత్రానికి కట్‌లెట్‌గా మారేదని ఆయనే చెప్పేవాడు. అదే ఉప్మాను తలుచుకుని నిట్టూరుస్తున్నాడు. పాత సహోద్యోగి ఎవడైనా ఫోన్ చేసి ఫలానా ఫైలెక్కడుందని అడిగితే పొంగిపోయి, ఫోల్డరు పేరుతో సహా అప్పజెబుతాడు. పాపం, ఆయనకు సమాధానం తెలిసిన ప్రశ్న రోజు మొత్తంలో అదొక్కటే.

రాత్రి కంచం ముందు కచేరీ. "అక్కడ ఏది ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అడిగితే ఏమీ రాదనుకుంటారు, అడక్కపోతే పొగరనుకుంటారు. పని బాగాలేదనరు, బాగుందనీ అనరు. 'మా దగ్గర ఇలా చెయ్యం' అంటారు. పోనీ మా పాత ఆఫీసులో ఎలా చేసేవాళ్లమో చెబుదామంటే మొహమొహాలు చూసుకుంటారు."

ఇల్లాలు స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడకూ పొద్దుటినుంచీ నిలబడి కాళ్లు లాగుతున్నాయి. అయినా రెండు రోజులు విన్నది. మూడో రోజున గోంగూర జాడీకి మూత బిగిస్తూ నిదానంగా అంది: "నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ వంటింట్లో ఇంగువ ఎక్కడుందో కనుక్కోవడానికి నెలన్నర పట్టింది. ఇంగువ అని రాసిన డబ్బాలో గసగసాలుండేవి. ఇంగువేమో పటికబెల్లం డబ్బాలో ఉండేది."

వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తకుండానే, "ఆ డబ్బాలు మా అత్తగారివి. నేనూ మూణ్నెల్లు వెతుక్కున్నాను" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నాకెవరు చెప్పారు?"

మనవాడు మాట్లాడకుండా చారు పోసుకున్నాడు. ఆఫీసులో ఇలాంటి డబ్బాలను లెగసీ సిస్టం అంటారు. పేరొకటి, లోపల సరుకొకటి, మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు. అది అర్థమైనవాడు ఇంట్లో కాస్త తగ్గి ఉంటాడని మీరనుకుంటే పొరపాటు. మర్నాడు రాత్రి మళ్లీ అదే కచేరీ, అదే రాగం. మగవాడికి అత్తవారిల్లంటే ఏమిటో నలభై ఏళ్లు దాటాక ఒక కంపెనీ వచ్చి నేర్పాల్సి రావడం మన సమాజపు ఏర్పాటు. అందులోనూ వాడికి నెలాఖరున జీతం ఇస్తారు.

ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒక్కతే పరిస్థితిని సవ్యంగా అర్థం చేసుకుంది. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం అడిగితే "శుక్రవారం లోపు చూస్తా, గుర్తుచెయ్యి" అన్నాడు. శుక్రవారం వచ్చి, "నాన్నా, నీ క్యాలెండర్లో పెట్టాను. నువ్వు యాక్సెప్ట్ చెయ్యలేదు. అమ్మ చేత పెట్టించేశాను" అని చెప్పి వెళ్లిపోయింది.

ఇక బంధువులు. ప్యాకేజీ ఎంతని తిన్నగా అడిగేవాళ్లు కొందరు, "కారు మారుస్తున్నావా?" అని డొంకతిరుగుడుగా అడిగేవాళ్లు కొందరు. బావమరిదికి గ్రాట్యుటీ లెక్క నోటికొచ్చు. ఆఖరి జీతంలో బేసిక్, డీఏ కలిపి, ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతో హెచ్చవేసి, సర్వీసు ఏళ్లతో మళ్లీ హెచ్చవేసి, ఆ మొత్తానికి సదాశివపేట దగ్గర ఎన్ని గజాలొస్తాయో కూడా చెప్పేశాడు. పీఎఫ్ మాత్రం కదలడం లేదు. ఆధార్‌లో పేరు పూర్తిగా ఉంది, కంపెనీ రికార్డులో పొడి అక్షరాలున్నాయి. పాత జీతం లెక్క కొత్త కంపెనీకి చెప్పడం మర్చిపోయాడు కనుక రెండు చోట్లా స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేసి పన్ను తక్కువ కోస్తున్నారు. చేతికి ఎక్కువొస్తోందని సంబరపడుతున్నాడు. రిటర్ను వేసేనాడు తెలుస్తుంది.

స్నేహితుల సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. 2006లో అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఒక హాస్టలు గదిలో నలుగురుండేవాళ్లు. కింద రోడ్డు మీద అడుగడుక్కీ కోర్సుల కరపత్రాలు చేతిలో పెట్టేవాళ్లు. జావా, ఒరాకిల్, టెస్టింగ్. సాంబారులో ముక్క తగిలినవాడు మిగతా ముగ్గురికీ టీ పోయించాలని గదిలో ఒప్పందం. ఎక్కువ ఖర్చేమీ అయ్యేది కాదు. 2008 మాంద్యంలో ముగ్గురికి ఉద్యోగాల్లేకపోతే నాలుగోవాడి జీతంతో గది అద్దె కట్టుకున్నారు. ఆ నాలుగోవాడు మన కథానాయకుడు కాడు.

ఇప్పుడాయన కాపురం మియాపూరు. ఆఫీసు రోడ్డున పోతే పెద్ద దూరమేమీ కాదు. కానీ పొద్దుటి పూట కొండాపూర్ రోడ్డు మీద ఆ కాస్త దూరమే ప్రాణం తీస్తుంది. అందుకని మెట్రోలో అమీర్‌పేట దాకా పోయి, అక్కడ ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కి, మళ్లీ రాయదుర్గం వైపు తిరిగొస్తాడు. అంటే రోజుకు రెండుసార్లు ఆయన పాత గది దగ్గర రైలు మారతాడన్నమాట. సత్యం థియేటరు పోయింది, ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్సు వచ్చింది. సందులూ కరపత్రాలూ మాత్రం ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీంచి ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టి "గుర్తుందా మామా?" అంటాడు. స్నేహధర్మం ఆ పూటకు చెల్లిపోయింది. "ఫొటో తీసే టైముకు మెట్లు దిగితే టీ తాగొచ్చు కదరా, నేను కిందే ఉన్నా" అని ఒకడు పెడితే, దానికి బొటనవేలు బొమ్మ పంపి రైలెక్కేస్తాడు. కొత్త ఆఫీసులో ముక్కూమొహం తెలియనివాడి పుట్టినరోజుకు కేకు కోసేటప్పుడు వెనక నిలబడి చప్పట్లు కొట్టడానికి మాత్రం ఠంచనుగా వెళ్తాడు.

ప్రొబేషనులో ఉన్నవాడికి నోట 'కుదరదు' అనే మాట రాదు. అందుకే ఆ నాలుగోవాడు ప్రగతినగర్‌లో ఫ్లాటు కొని, మే నెలలో గృహప్రవేశం తెల్లవారుజామున 4:37కి అంటే 'వస్తా' అన్నాడు. క్లయింటమ్మ తన సాయంత్రం నాలుగింటికి మీటింగంటే దానికీ 'వస్తా' అన్నాడు. మే నెలలో కాలిఫోర్నియాలో సాయంత్రం నాలుగంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర.

ఫ్లాటు నాలుగో అంతస్తులో. ఆవు లిఫ్టెక్కనంది. పసుపూ కుంకుమా పెట్టి, అరటిపండు ఆశ చూపి మెట్లెక్కించారు. మూడో అంతస్తు మలుపు దాకా వచ్చి ఆగింది. ఆ మలుపులోనే మనవాడు పట్టుపంచె ఎగ్గట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. తన వంతు రాగానే మ్యూట్ తీసి, గొంతు సవరించుకుని, "అప్‌డేట్ ఏమిటంటే..." అని ఇంగ్లీషులో అన్నాడో లేదో, చెవి పక్కనే ఆవు "అంబా" అంది. పన్నెండు మంది ఉన్న మీటింగు చప్పబడిపోయింది.

"అది ఆవా?" అంది క్లయింటమ్మ.

కాదనడానికి లేదు. ఆవు అప్పటికే తెరలోకి తల పెట్టేసింది.

చెప్పుకొచ్చాడు. కొత్తింట్లోకి ముందు గోమాత, తరవాత యజమాని, ఆ తరవాత పాలు పొంగించడం. ఆవిడకు పాలు పొంగడం చూడాలనిపించింది. పైనుంచి స్నేహితుడు అరుస్తున్నాడు: "ఒరేయ్, పంతులుగారు తొందరపెడుతున్నారు, నువ్వొచ్చేదాకా పొయ్యి వెలిగించనని కూర్చున్నా, ఆవునన్నా పంపు, నువ్వన్నా రా!" ఇల్లాలు మెట్లు దిగొచ్చి, ఆయన చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కుని, "మీరు ఆవును చూసుకోండి, ఆవిణ్ని నేను చూసుకుంటా" అని పైకెత్తుకుపోయింది. పాలు పొంగాయి. టీమంతా చూసింది. క్లయింటమ్మ ఇల్లాలి చీర అంచు ఒకసారి దగ్గరగా చూపించమంది. డెడ్‌లైను ఊసు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

సోమవారం ఆఫీసులో ఆయన పేరు అందరికీ తెలిసిపోయింది. ఇంటిపేరు కాదు, 'ఆవు సర్' అని. చేరినరోజు వెతికినా దొరకని సరదా సంగతి అదే నడుచుకుంటూ మూడంతస్తులెక్కి వచ్చింది. ఆడపడుచు కాఫీ మిషను దగ్గర చోటిచ్చి, ఏ బటన్ నొక్కితే చక్కెర పడదో కూడా చెప్పింది.

అలాగని ఆయన కష్టాలు తీరిపోలేదు, మన కష్టాలూ తీరలేదు. మీ ఇంట్లోనో, మీ పాత హాస్టలు బ్యాచిలోనో ఇలాంటివాడుంటే ఆరు నెలలు ఓర్చుకోండి. వాడు పెట్టే అమీర్‌పేట ఫొటోలకు తిట్టయినా సరే, జవాబు పెట్టండి. పేరు పెట్టి పిలవండి, వాడు విని చాన్నాళ్లయింది. ప్రొబేషను అయిందన్న కాగితం చేతికి రాగానే పార్టీ అడగండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో సరిపెడతానంటే మాత్రం ఒప్పుకోవద్దు. జీతం ముప్పై శాతం పెరిగింది.