బొమ్మ కుదిరేదాకా మెకానిక్ కదిలేవాడు కాదు

మా రోజుల్లో టీవీ కొంటే వెంట మనిషి కూడా వచ్చేవాడు. కామారెడ్డిలో కొన్న డబ్బా ఎల్లారెడ్డి బస్సు దిగితే, దాని వెనకే మెకానిక్ దిగేవాడు. డాబా మీద ఒకరు ఏంటెన్నా పైపు తిప్పడం, కిటికీ దగ్గర ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, ఆగు, మళ్ల పోయింది" అని అరవడం. చుక్కలు తగ్గి మనిషి ముఖం తేటగా కనిపించేదాకా ఆ మెకానిక్ చాయ్ ముట్టేవాడు కాదు. పోయేముందు ఏ మర తిప్పితే ఏమవుతుందో ఇంటివాళ్లతోనే తిప్పించి చూపేవాడు. బొమ్మ పైకి పరుగెడితే వర్టికల్ హోల్డ్. నల్లటి జుట్టు బూడిద రంగుకు తిరిగితే బ్రైట్‌నెస్ తగ్గించాలి. తెల్ల ధోవతి మడతలు కనిపించకపోతే కాంట్రాస్ట్ తగ్గించాలి. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యే వేళకు మా ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. మా అమ్మకు చదువు రాదు, కానీ ఆ మూడు మరల సంగతి ఆమె చేతికి తెలుసు. సాయంత్రం కరెంటు డీలా పడితే స్టెబిలైజర్ ముల్లు చూసి, టీవీ పెట్టాలో వద్దో కూడా ఆమే చెప్పేది.

ఇప్పుడు? ఫిట్టింగ్ పిల్లలు గోడకు నాలుగు బోల్టులు కొట్టి, వైఫై పాస్‌వర్డ్ అడిగి, పని అయిపోయినట్టు ఓటీపీ తీసుకుని బండెక్కుతున్నారు. బొమ్మ ఎట్లుందని ఒక్కరూ చూడరు. అడిగితే "అంత ఆటోమేటిక్ తాతా" అంటారు.

ఏం ఆటోమేటిక్? దుకాణంలో పది ట్యూబులైట్ల కింద, పక్క టీవీ కన్నా ఎక్కువ మెరిసి కొనేవాడి కన్ను పట్టాలని పెట్టే మోడ్ ఒకటుంది. దాని పేరు వివిడ్. చాలా ఇళ్లలో టీవీ ఏళ్ల తరబడి దాంట్లోనే ఉండిపోతుంది. తెల్లటి గోడ నీలంగా, మనిషి ముఖం నారింజ పండు రంగులో కనిపిస్తుంది, రాత్రిపూట కళ్లు మండుతాయి. బొమ్మ తయారుచేసేవాళ్లు తెలుపుకు పెట్టుకున్న కొలత 6500 కెల్విన్. కలర్ టెంపరేచర్‌ను వార్మ్‌కు మారిస్తే దాదాపు అక్కడికి వస్తాం. మొదట రెండు రోజులు పసుపుపచ్చగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక పాతది చూడబుద్ధి కాదు. షార్ప్‌నెస్ పెంచితే బొమ్మ తేట పడుతుందనుకుంటారు. అది లేని వివరం తేదు. అంచుల చుట్టూ గీతలు గీస్తుంది, అంతే. తగ్గించి చూడండి.

అన్నిటికన్నా నా కడుపు మండేది మోషన్ స్మూతింగ్ మీద. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములు. టీవీ ఆ ఫ్రేముల నడుమ తను ఊహించిన బొమ్మలు ఇరికిస్తుంది. పెద్ద తెర కోసం తీసిన సినిమా అంతా మధ్యాహ్నం సీరియల్ లాగా జారిపోతుంది. సోనీ దాన్ని మోషన్‌ఫ్లో అంటుంది, ఎల్జీ ట్రూమోషన్ అంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పేరు కాబట్టి ఇంట్లోవాళ్లకు దొరకదు. 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ వీడియో పెట్టి మరీ దాన్ని ఆపుకోండని చెప్పాడు. మరుసటి ఏడు ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటించారు. అది ఉన్న టీవీలో ఒక్క నొక్కుతో ఇవన్నీ ఆగుతాయి. క్రికెట్‌కు స్మూతింగ్ కావాలంటే పెట్టుకోండి, నాకు పేచీ లేదు.

నాటి సెట్టుకు 625 గీతలు. నేటి 4కే తెరకు అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఇంత గొప్ప వస్తువును ఇంటికి తెచ్చుకుని, దాన్ని చెడగొట్టుకుని చూడటమే నాకు బాధ.

ఇక ఇంటర్నెట్ గోస. వైరు ఇంట్లోకి ఎక్కడ దూరిందో అక్కడే రౌటర్ కొడతారు. మా ఎల్లారెడ్డి పాత ఇళ్లవి రాతి గోడలు, మధ్యలో ఇనుప బీరువాలు. రౌటర్ రెండు తీర్ల వైఫై ఇస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, కానీ గోడ దగ్గర నీరసపడుతుంది. 2.4ది నెమ్మది, కానీ గోడ దాటుతుంది. ఈ ముక్క చెప్పకుండా, బొమ్మ ఆగి గుండ్రాలు తిరిగితే "ప్లాన్ పెంచుకోండి" అంటారు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది సెకనుకు 15 మెగాబిట్లు. ఇంటికి 100 వస్తుంటే లోటు ప్లాన్‌లో లేదు, గోడలో ఉంది. రౌటర్‌ను హాల్లో ఎత్తుగా పెట్టించండి. కుదరకుంటే లాన్ వైరు లాగించండి, అది 100 మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. ఫోన్‌లో పెళ్లి ఫొటోలు టీవీకి పోవడం లేదని మనవళ్ల మీద అరవకండి. ఫోన్ సిమ్ డేటా మీద ఉండి, టీవీ వైఫై మీద ఉంటే ఒకదానికొకటి కనపడవు. రెండూ ఒకే వైఫైలో ఉండాలి.

మా వాడలో ఎవరు టీవీ కొన్నా ఇప్పుడు నన్ను పిలుస్తున్నారు. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. "తమ్మీ, ముందు వివిడ్ తీసెయ్. ఒక పాత సినిమా పెట్టు. ఫోన్‌లోంచి ఒక ఫొటో పంపి చూపెట్టు. లైట్లార్పి ఇంటి పెద్దమ్మను అడుగు, కండ్లకు మంచిగుందా అని" అంటాను. పెద్దమ్మ సరే అన్నాకనే ఆ పిల్లగాడికి ఓటీపీ.