‘మేమే ఫోన్ జేసి చెప్తం’: టీకా తాత్పర్య సహితం

మూలం: “సరే, మీరు పోయి రాండ్రి. ఏ సంగతీ మేమే ఫోన్ జేసి చెప్తం.”

అవతారిక: ఎండాకాలం రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోని ప్రైవేటు బడుల్లో, నర్సింగ్ హోముల్లో, బైకు షోరూముల్లో కరస్పాండెంటుగారో డైరెక్టరుగారో కుర్చీలో వెనక్కి వాలి, ఎదుట ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఉద్యోగార్థిని ఉద్దేశించి పలికే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. పలికిన ప్రతివాడూ తానే కర్తననుకుంటాడు.

పాఠభేదాలు: పైన ఇచ్చింది సూర్యాపేట ప్రతి. కోదాడ ప్రతిలో, ఆంధ్ర పొలిమేర దగ్గర కావడం వల్ల కాబోలు, “మేమే కబురు చేస్తాంలెండి” అని మర్యాద ఒక పాలు ఎక్కువ. మిర్యాలగూడ ప్రతి అతి సంక్షిప్తం: “నంబర్ ఉంది గదా.” ఇందులో చెప్తామన్న మాటే లేదు. నిజాయితీలో దీన్నే ఉత్తమ పాఠమనాలి.

ప్రతిపదార్థం: తెలుగు వచ్చినవాళ్లకు అక్కర్లేదు. వదిలేస్తున్నాం.

వ్యాకరణం: వినేవాణ్ని కలుపుకుంటే ‘మనం’, బయట నిలబెడితే ‘మేం’. ఈ వెసులుబాటు సంస్కృతానికి లేదు, ఇంగ్లీషుకూ లేదు. ఉద్యోగార్థి గేటు దాటేది తరవాత. ‘మేము’ అన్నప్పుడే బయట పడ్డాడు. ‘మేమే’లోని ఏకారం అవధారణార్థకం. మేం మాత్రమే చేస్తాం, నువ్వు చెయ్యొద్దు అని. అంటే పైకి వాగ్దానం, లోపల నిషేధం. ఇక ‘చెప్తం’ అన్నది భవిష్యత్తా, తద్ధర్మమా? ‘రేపు వస్తాడు’లోనూ ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’లోనూ మనకు ఒకటే రూపం. తద్ధర్మమనే మా పక్షం. అలా అనడం వాళ్ల స్వభావం, అంతే. చేస్తారని అర్థం లాగడం వైయాకరణులు ఒప్పరు.

అలంకారం: శ్లేష అనబోయి ఆగాం. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామాయణ భారత కథలు రెండూ చెప్పాడు. వీరు ఒకే వాక్యంతో ఔననీ చెప్పరు, కాదనీ చెప్పరు.

విశేషం: కబురు ప్రసక్తి వచ్చింది గనుక దూతల గురించి నాలుగు మాటలు. మేఘసందేశంలో, కొలువులో ఏమరుపాటు చూపాడని కుబేరుడు యక్షుణ్ని వెళ్లగొట్టాడు. కఠినుడే. అయినా ఏడాది అని గడువు చెప్పాడు. శాపం ఎన్నడు తీరుతుందో యక్షుడికి తెలుసు, మేఘంతో భార్యకు ఆ మాటే చెప్పి పంపాడు. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ నియమం మాకు పట్టుబడలేదని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు. శ్రీనాథుడి నైషధంలో హంస వెళ్లింది, దమయంతి మనసు కనుక్కుని తిరిగొచ్చి నలుడికి చెప్పింది. పక్షి! పోతన భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుణ్ని ద్వారకకు పంపింది. కృష్ణుడు ‘చూద్దాం’ అనలేదు. అక్కడికక్కడే ఒప్పుకుని బయల్దేరాడు, బ్రాహ్మణుడు ఆ కబురు రుక్మిణికి చేర్చాడు. అన్నిటికంటే మాకిష్టమైనది హనుమంతుడి తిరుగు రాక. సీత పేరు తరవాత, ‘చూశాను’ అన్నది ముందు. ఆ రెండు మాటల నడుమ కూడా రాముడి గుండె కొట్టుకోకూడదని అలా అన్నాడంటూ పౌరాణికులు ఈ ఒక్క ఘట్టం మీద గంటసేపు చెబుతారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ పురాణ కాలక్షేపానికి చందా ఇచ్చి ముందు వరసలో కూర్చునేది ఈ కరస్పాండెంటుగారే.

అర క్షణం నిరీక్షణ కూడా బరువేనని లెక్కగట్టిన ఊళ్లో, బీఎస్సీ బీఈడీ చదివిన పిల్లను రెండు నెలలు ఫోను వైపు చూడమంటారా?

ప్రకృతం: సర్కారీ ప్రతిలో ఈ వాక్యం దీర్ఘ సమాసం. 1998 డీఎస్సీలో అర్హులైనవాళ్లకు కొలువులిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకున్నది 2022లో. అప్పటికి కొందరు యాభై దాటారు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న జరిగి, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ జరిగి, బయోమెట్రిక్ తీసుకోలేదని కోర్టులో కొట్టుడుపోయింది. 2024 జూన్ 9న మూడోసారి. ఈ పునరుక్తి దోషాన్ని ఆలంకారికులు ఊహించలేదు.

లేబర్ అడ్డాకు పోయి చూడండి. మేస్త్రీ వేలు చూపి నలుగురిని పిలుస్తాడు, మిగిలినవాళ్లతో “ఇయ్యాల పని లేదు” అంటాడు. పొద్దెక్కకముందే తేలిపోతుంది, ఇంకో పని చూసుకుంటారు. చదువు లేని మేస్త్రీ చెప్పగలిగిన మూడు ముక్కలు ఎంబీఏ చదివిన హెచ్ఆర్ నోట ఎందుకు పెగలవో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు. ఫోను ఖర్చా? నెల ప్యాకుల కాలంలో అదీ లేదు.

ఖాళీ ఉంటే ఉపాధి కల్పనా కార్యాలయానికి తెలపాలని 1959లోనే చట్టం చేశాం. ఆ ఖాళీ సంగతి తేలిందో లేదో ఇంటర్వ్యూకు వచ్చిన మనిషికి తెలపాలన్న చట్టం మాత్రం కెనడాలోని ఒంటారియోలో 2026 జనవరి 1న అమల్లోకొచ్చింది: ఇరవై అయిదుగురు, ఆపైన పనిచేసే చోట, బహిరంగంగా ప్రకటించిన కొలువుకు ఇంటర్వ్యూ చేస్తే 45 రోజుల్లో ఎంపిక తేలిందో లేదో చెప్పాలి.

ఉదాహరణ: మా పక్కింటి అమ్మాయి. ఒంటిపూట బళ్లప్పుడు మా ఊరి బడి ఒకటి డెమోకు పిలిచింది. ఎనిమిదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెప్పింది. బాగుందన్నారు. తొమ్మిదికి కూడా చెప్పమన్నారు, తరవాత ఏడుకు. ఆ పూట సైన్సు టీచరు సెలవట. మూడు పీరియడ్లు ఉత్త పుణ్యానికి గడిచాయి. అడ్మిషన్లు ఎన్ని తేగలవని అడిగారు. పెళ్లెప్పుడని అడిగారు. ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకుని మూలవాక్యం పలికారు. ఆ వారమే కోదాడ బడి ఒకటి రమ్మంటే, ఇక్కడి ఫోను కోసం నాలుగు రోజులు గడువడిగింది. నాలుగు కాస్తా నలభై అయ్యాయి. జూన్ 12న బడులు తెరిచారు. ఆ పొద్దున ఫోను మోగింది. కోదాడ వాళ్లు. “ఇంకొకళ్లను తీసుకున్నమమ్మా, ఏమనుకోకు, నువ్వు చూస్తుంటవని చెప్తున్న” అన్నారు.